మూడో పెడల్ ఎవరు తీసేశారు?

"అక్కా, నాకు లైసెన్సుంది గానీ బండి నడపడం రాదు."

పాడేరు కొండల్లోని ఒక గూడెం నుంచి వచ్చి, మా కేంద్రంలో నలభై రోజులు డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తీసుకుని వెళ్ళిన అమ్మాయి నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది. ఇరవై రెండేళ్ళ పిల్ల. నొప్పులు పడుతున్న అక్కని డోలీలో మోసుకుంటూ రోడ్డు దాకా నడిచిన కుటుంబం. "మా ఊరి ఆడమనిషే బండి తోలితే అర్ధరాత్రి పిలిచినా వస్తుంది కదా" అన్న ఒక్క ఆలోచనతో ఇంట్లో పోట్లాడి మరీ మా దగ్గరికి వచ్చింది. సర్టిఫికెట్లు పంచిన రోజున స్టీరింగు పట్టుకుని నవ్వుతున్న ఆమె ఫోటో తీశాం. ఆ ఫోటో మా వార్షిక నివేదిక అట్ట మీద ఉంది.

ఊరికెళ్ళాక, మండల కేంద్రం నుంచి కొండమీది ఊళ్ళకి మనుషుల్నీ సరుకుల్నీ చేరవేసే జీపుకి డ్రైవరు కావాలంటే ధైర్యంగా వెళ్ళి అడిగింది. యజమాని తాళం చేతికిచ్చాడు. ఎక్కి కూర్చుని కిందికి చూస్తే మూడు పెడళ్ళు! మా దగ్గర ఆమె నేర్చుకున్న కారుకి రెండే. మూడుసార్లు బండి ఆగిపోయింది. నాలుగోసారి ఎక్కుడులో వెనక్కి జారింది. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మగవాళ్ళంతా నవ్వారు. యజమాని తాళం వెనక్కి తీసుకున్నాడు.

"నవ్వినందుకు బాధలేదక్కా. నాకు రాదని వాళ్ళకి ముందే తెలిసినట్టు నవ్వారు. అది నిజమే అయింది" అంది.

ఆ నవ్వు వెనక ఉన్న పురుషాహంకారం గురించి మనం పేజీలకి పేజీలు రాయగలం. రాశాం కూడా. కానీ ఈసారి ఆ నవ్వుకి అవకాశం ఇచ్చింది ఎవరు? మేమే. స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్నామని చెప్పుకునే మేమే ఆ పిల్ల చేతిలో సగం విద్య పెట్టి, పూర్తి సర్టిఫికెట్ ఇచ్చి కొండెక్కించాం. ఈ వ్యాసం ముందుగా మా మీద మేం చేసుకుంటున్న విమర్శ. ఆ తర్వాత, స్త్రీలకి "తేలికైనది చాలు" అనుకునే అందరి మీదా.

కారుని మార్చగలమా?

మా కారు కథ చెప్పాలి. విదేశాల్లో స్థిరపడుతున్న ఒక శ్రేయోభిలాషి వెళ్తూ వెళ్తూ తన తల్లి వాడిన పాత కారుని మా సంఘానికి ఇచ్చాడు. "ఆటోమేటిక్ అండీ, ఆడపిల్లలకి సుఖంగా ఉంటుంది" అన్నాడు. కృతజ్ఞతలు చెప్పి తీసుకున్నాం. శిక్షణ కోసం ప్రాజెక్టు రాసినప్పుడు "స్త్రీలకు అనువైన ఆటోమేటిక్ వాహనంపై శిక్షణ" అనే వాక్యం రాసింది నేనే. ఎందుకు అనువైనదో, ఎవరికి అనువైనదో అప్పుడు నన్ను నేను అడగలేదు. ఫండింగ్ సంస్థా అడగలేదు. ఆ ఒక్క మాటకి వాళ్ళు ప్రత్యేకంగా అభినందించారు కూడా.

ఆ అమ్మాయి తిరిగొచ్చిన వారం మా సమావేశంలో చర్చంతా ఇదే. ఒక యువ కార్యకర్త "ఈ కారునే గేరు కారుగా మార్పించేద్దాం. మూడో పెడల్ పెట్టించేస్తే సరి" అంది. మాకందరికీ నచ్చింది. ఏదో బాకీ తీరుతుందన్నట్టు అనిపించింది. హైవే పక్కన ముప్ఫయ్యేళ్ళుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్ దగ్గరికి నలుగురం కారేసుకుని వెళ్ళాం.

ఆయన ముందు నవ్వాడు. "అందరూ గేరు వదిలి ఆటోమేటిక్‌కి పోతుంటే మీరు ఎదురెళ్తారేంటమ్మా?" అన్నాడు. కారణం చెప్పాక నవ్వు ఆపి, కారుని పైకెత్తి, కిందకి పిలిచి, ఓపిగ్గా చూపించాడు. ఆ గంటలో మేం నేర్చుకున్నది ఇన్నాళ్ళూ కారెక్కి తిరుగుతూ నేర్చుకోలేదు.

"ఇదిగో, ఇంజను వెనకాల డ్రమ్ములా ఉందే, ఇది టార్క్ కన్వర్టర్. దీని నిండా ఆయిలు. ఇంజను ఆయిల్ని తిప్పుతుంది, ఆ ఆయిలు తోపుడికి గేరుబాక్సు తిరుగుతుంది. బ్రేకేసి బండి ఆపినా ఇంజను ఆగిపోకుండా కాసేది ఆ ఆయిలే. గేరు బండిలో అదే పని మీ ఎడమకాలు చేస్తుంది" అన్నాడు. క్లచ్ గురించి ఇంత సూటిగా మాకెవరూ చెప్పలేదు.

మార్చడమంటే పెడల్ ఒకటి బిగించడం కాదని అక్కడే అర్థమైంది. టార్క్ కన్వర్టరూ, దాన్ని ఇంజనుకి కలిపే పల్చటి ప్లేటూ తీసెయ్యాలి. వాటి చోట బరువైన ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు రావాలి. గేరుబాక్సు మొత్తం మారాలి. ఆ కొత్త గేరుబాక్సు కూర్చునే మౌంటింగులు వేరు, చక్రాలకి వెళ్ళే యాక్సిల్ షాఫ్టుల పొడవు వేరు. పెడళ్ళ బ్రాకెట్టంతా మార్చాలి, ఎందుకంటే ఆటోమేటిక్‌లో బ్రేకు పెడల్ వెడల్పు. దాని పక్కన క్లచ్‌కి చోటుండదు. క్లచ్‌కి కేబులో, హైడ్రాలిక్ సిలిండరో కావాలి. గేరు రాడ్డుకీ దాని కేబుళ్ళకీ దారి చెయ్యాలి. బండి 'పి'లోనో 'ఎన్'లోనో ఉంటే తప్ప స్టార్టవకుండా ఒక స్విచ్చి ఉంటుంది. దాన్ని సరిచెయ్యకపోతే ఇంత చేసినా ఇంజను స్టార్టవదు. రివర్సు లైటు స్విచ్చి వేరు. వీటన్నిటికన్నా పెద్ద తలనొప్పి కంప్యూటరు. ఇంకా ఆటోమేటిక్ గేరుబాక్సే ఉందనుకుని అది వెతుకుతుంది, దొరక్కపోతే హెచ్చరిక దీపం వెలిగించి ఇంజనుని కుంటిస్తుంది.

"చెయ్యలేమని కాదమ్మా. ఇదే మోడల్ గేరు కారు ఏదైనా గుద్దుకుని తుక్కుకి వస్తే, దాన్ని మొత్తంగా కొని, అందులోవన్నీ ఇందులోకి ఎక్కించాలి. విడివిడిగా కొంటే మీరు తట్టుకోలేరు. కూలీతో కలిపి లక్ష దాటుతుంది. ఆ డబ్బుకి మంచి పాత గేరు కారే వస్తుంది కదా?" అన్నాడు.

చట్టం సంగతి మా న్యాయ సలహాదారు చెప్పింది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా ఉండేలా బండిని మార్చే హక్కు యజమానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగానే సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకీ అయిదువేల రూపాయల జరిమానాగానీ, ఆర్నెల్ల దాకా జైలుగానీ, రెండూగానీ అంటోంది. ఆర్.సి.లో ఆటోమేటిక్ మోడల్ అని ఉండి, లోపల గేరుబాక్సు ఇంకొకటుంటే, రేపు నేర్చుకునే పిల్ల చేతిలో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఏం చెబుతుందో మనం ఊహించగలం. హక్కుల సంఘం కారు రవాణా శాఖ ఆఫీసులో నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలన్నమాట!

ఇవన్నీ ఒక ఎత్తు. తర్వాతి సమావేశంలో మా లెక్కలు చూసే సహచరి అడిగిన ప్రశ్న ఒక ఎత్తు. పోలియో వల్ల ఆమె ఎడమకాలు పనిచెయ్యదు. ఆ కారు వచ్చాకే ఆమె కోర్టుకి, కలెక్టరాఫీసుకి, రాత్రిపూట పోలీసుస్టేషనుకి ఎవర్నీ బతిమాలకుండా వెళ్ళగలుగుతోంది. "ఆ పిల్లకి మూడో పెడల్ కావాలి, నిజమే. దానికోసం నాకున్న రెండు పెడళ్ళూ లాగేస్తారా? మీలో ఒక్కరైనా నన్ను అడిగారా?" అంది.

ఎవరం అడగలేదు. ఆటోమేటిక్ తీసుకున్నప్పుడు గిరిజన యువతిని అడగలేదు. దాన్ని మార్చేద్దామనుకున్నప్పుడు వికలాంగురాలైన సహచరిని అడగలేదు. రెండుసార్లూ "స్త్రీల కోసమే" అన్నాం. ఈ "స్త్రీల కోసం" అనే మాటలో ఎన్ని రకాల స్త్రీలు మాయమైపోతారో ఆ రోజు మా కళ్ళెదుటే కనిపించింది.

గేరు లేకపోవడం ఆడతనమా?

ఆటోమేటిక్ అంటే ఆడవాళ్ళ బండి, గేరు అంటే మగవాళ్ళ బండి అనే మాట మనందరం విన్నదే. స్కూటరు దగ్గరే మొదలవుతుంది. గేర్లు లేని బండి కూతురికి, గేర్ల మోటారుసైకిలు కొడుక్కి. పెళ్ళి మాటల్లో కూడా అదే పంపకం. కొన్నాళ్ళకి ఇది ప్రకృతి ధర్మంలా కనిపించడం మొదలవుతుంది.

చరిత్ర చూస్తే ఈ ప్రకృతి ధర్మం ఎప్పటికప్పుడు అవసరాన్నిబట్టి మారిపోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో పెట్రోలు కార్లని ముందు హ్యాండిలు తిప్పి స్టార్టు చెయ్యాల్సి వచ్చేది. హ్యాండిలూ గేర్లూ లేని బ్యాటరీ కార్లని అప్పుడు స్త్రీల కార్లుగా అమ్మారు. పెట్రోలు కార్లతో ప్రపంచాన్ని నింపిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ కూడా బ్యాటరీ కారే నడిపింది. 1912 మోడల్ కాడిలాక్ కార్లకి ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చింది. హ్యాండిలు పోయింది. మీట నొక్కితే స్టార్టవడం ఆడతనమని ఆ తర్వాత ఏ మగవాడూ అనలేదు. హాయిగా నొక్కాడు.

ఆటోమేటిక్ గేరుబాక్సు కథా అంతే. జనరల్ మోటార్స్ తన హైడ్రామాటిక్‌ని 1940 మోడల్ కార్లతో అమ్మకానికి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అదే గేరుబాక్సుని అమెరికా సైన్యం తన ఎమ్-5 తేలికరకం ట్యాంకుల్లో పెట్టుకుంది. యుద్ధభూమిలో ట్యాంకు నడిపే సైనికుణ్ణి చూసి "క్లచ్ కూడా తొక్కలేడు" అని ఎవరైనా నవ్వారా? బొగ్గు గనుల్లో కొండంత బరువు మోసే డంపర్లలో చాలావాటికి క్లచ్ పెడల్ ఉండదు. వాటిని నడిపేవాళ్ళని ఎవరూ సుకుమారులనరు. అదే సౌకర్యం ఒక స్త్రీ చేతికొచ్చేసరికి అది ఆమె అసమర్థతకి సాక్ష్యమైపోతుంది. కాబట్టి గేరు ఉందా లేదా అన్నది ఇక్కడ అసలు విషయం కాదు. డ్రైవరు సీట్లో ఎవరున్నారన్నదే విషయం.

ఇంకో సంగతి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, భర్తకి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారుబండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వెళ్ళింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అంత దూరం మోటారుబండి మీద అంతకుముందు ఎవరూ వెళ్ళలేదు. దారిలో ఇంధనం గొట్టానికి అడ్డం పడితే టోపీ పిన్నుతో తీసింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు కుట్టించింది. ఎక్కుళ్ళలో పిల్లలు దిగి బండి తొయ్యాల్సి వచ్చింది. తిరిగొచ్చాక ఆమె చేసిన సూచన ఏమిటి? కొండలెక్కడానికి ఇంకో గేరు పెట్టమని! మోటారుబండికి గేరు కావాలని అనుభవంతో చెప్పిన తొలి డ్రైవరు ఒక స్త్రీ. నూట ముప్ఫై ఏళ్ళు దాటాక, కొండ ప్రాంతపు స్త్రీకి గేరెందుకని మనం అనుకుంటున్నాం.

మన దగ్గరా ఉదాహరణలకి కొదవలేదు. తమిళనాడులో వసంతకుమారి 1993లో ప్రభుత్వ బస్సు డ్రైవరుగా చేరింది. ఆసియాలోనే తొలి మహిళా బస్సు డ్రైవరుగా ఆమెకి పేరు. నల్లగొండ జిల్లా తండా నుంచి వెళ్ళిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా డ్రైవరైంది. 2025లో సొంత రాష్ట్రంలో ఆర్టీసీ బస్సు స్టీరింగు పట్టింది. మన తెలుగు స్త్రీ మన తెలుగు నేల మీద ఆర్టీసీ బస్సు నడపడానికి ముందు ఢిల్లీ వెళ్ళాల్సి రావడం మీద మనం వేరే వ్యాసం రాసుకోవాలి.

కాగితం మీద డ్రైవర్లు

"మీరు నేర్పింది ఆటోమేటిక్ మీద. లైసెన్సులో అలా రాసి ఉంటుంది కదా, జీపు ఎలా ఇచ్చాడు?" అని ఒక మిత్రురాలు అడిగింది. రాసి ఉండదు. మన చట్టం సెక్షన్ 10లో మోటారుసైకిళ్ళకి మాత్రమే గేరు ఉన్నది, గేరు లేనిది అని రెండు తరగతులున్నాయి. కారు, జీపు, చిన్న వ్యాను అన్నీ కలిపి "తేలికపాటి మోటారు వాహనం" ఒకటే తరగతి. బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారు మీద పరీక్ష పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. గేరు బండి కావాలంటే మళ్ళీ పరీక్ష. అక్కడికి వెళ్ళిన మన తెలుగు ఆడపడుచులకి ఈ సంగతి బాగా తెలుసు. ఇక్కడ ఆ గీత లేదు. గీత ఉండాలని నేననడం లేదు. గీత లేనప్పుడు బాధ్యత నేర్పేవాళ్ళ మీద రెట్టింపవుతుందని అంటున్నాను. కాగితం అన్నీ వచ్చంటుంది, కాలికి ఏదీ రాదు.

నిజానికి మన నిబంధనలు గట్టిగానే ఉన్నాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది ఒకసారి చదవండి. టాప్ గేరు దాకా వరసగా గేర్లు వేస్తూ సాఫీగా కదలాలి. అవసరమైతే వెంటనే కింది గేర్లలోకి రావాలి. దిగుడులో కింది గేరు వెయ్యాలి. నిటారు ఎక్కుడులో బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి. ఇవన్నీ చేసి చూపిస్తేనే లైసెన్సు. మా పిల్లలందరూ చదును నేల మీద ఎనిమిది అంకె తిప్పి పాసయ్యారు. పరీక్ష పెట్టినవాళ్ళకి తొందర, మాకు లెక్క చూపించే తొందర. నలభై మందికి లైసెన్సులిప్పిస్తామని రాసిచ్చాం, నలభై మందికీ ఇప్పించాం. వాళ్ళలో ఎంతమంది బండి నడుపుతూ బతుకుతున్నారని నివేదికలో ఒక్క గడి కూడా లేదు.

ఆ గడి ఉంటే ఏం తేలేదో ఇప్పుడు మాకు తెలుసు. పల్లెల్లో, కొండల్లో, చిన్న పట్నాల్లో డ్రైవరు పని దొరికేది ఎక్కడ? పాల వ్యాను, కూరగాయల ట్రాలీ, స్కూలు వ్యాను, జీపు, అంబులెన్సు, ట్రాక్టరు. వీటిలో అత్యధికం గేరు బళ్ళు. ఆటోమేటిక్ కారు ఉండేది ఎక్కువగా నగరంలో, సొంతగా నడుపుకునేవాళ్ళ ఇంట్లో. అదే మోడల్ గేరు కారుకన్నా ఆటోమేటిక్‌కి యాభై వేలో, లక్షో, ఇంకా ఎక్కువో అదనంగా పెట్టాలి. అంటే ఆటోమేటిక్ మాత్రమే నేర్పడమంటే, బండి మీద బతకాల్సిన స్త్రీకి బండి కొనుక్కోగల స్త్రీ అవసరాన్ని నేర్పడం. ఇది వర్గ సమస్య కూడా. మనం జెండర్ శిక్షణల్లో బొమ్మలు గీసి మరీ చెప్పే సంగతి, మన శిక్షణలోనే మరిచిపోయాం.

2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవాళ్ళు మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాలు కూడా నడపొచ్చు, దానికోసం విడిగా రాయించుకోనక్కర్లేదు అని. చిన్న ట్రాలీలు, పికప్ వ్యాన్లు దాదాపు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. మామూలు కారు లైసెన్సుతో ఒక పేద స్త్రీ ముందు ఇన్ని ఉపాధి తలుపులు తెరుచుకున్నాయి. పెద్ద బస్సు, లారీ వైపు వెళ్ళాలన్నా చట్టప్రకారం ముందు ఏడాదిపాటు ఈ లైసెన్సు ఉండాలి. తలుపు కోర్టు తెరిచింది. గడప దాటే కాలిని మనం నేర్పకుండా వదిలేశాం.

పోనీ ఆటోమేటిక్ అయినా పూర్తిగా నేర్పామా? అందులోనూ దిగుడులో బండిని పట్టి ఉంచడానికి 'ఎల్' అనో '2' అనో స్థానాలుంటాయి. మా శిక్షకుడు "అవి మీకెందుకమ్మా, 'డి'లో పెట్టి పొండి" అన్నాడు. మాడుగుల నుంచి పాడేరు ఎక్కే ఘాట్ రోడ్డులో బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుని దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయని ఆ దారిన తిరిగే ప్రతి డ్రైవరుకీ తెలుసు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది వాళ్ళ సూత్రం. "మీకెందుకమ్మా" అన్న మాట అక్కడ ప్రాణం తీస్తుంది. ఇంట్లో బ్యాంకు పుస్తకం దగ్గర, పొలం పట్టా దగ్గర, ఫ్యూజు తీగ దగ్గర మనం విన్నది ఈ మాటే కదా!

కరెంటు బళ్ళు వస్తున్నాయి కదా!

వస్తున్నాయి. వాటిలో దాదాపు వేటికీ క్లచ్ లేదు. "ఇంకో పదేళ్ళలో గేరు నేర్చుకున్నవాళ్ళని మ్యూజియంలో పెడతారు" అని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. కావచ్చు. కానీ కొత్త వాహనం ముందు నగరానికి వస్తుంది, ముందు డబ్బున్నవాడికి వస్తుంది. నగరం వదిలేసిన పాత జీపు, పాత వ్యాను పదీ పదిహేనేళ్ళు మండలాల్లో తిరుగుతాయి. ఆ పదిహేనేళ్ళే ఈ ఇరవై రెండేళ్ళ పిల్ల సంపాదించుకోవాల్సిన వయసు. ఎప్పుడో వచ్చే సౌకర్యం పేరు చెప్పి ఇవాళ్టి కూడు వాయిదా వెయ్యమనే హక్కు ఎవరికీ లేదు.

ఇంకోవైపు నుంచి వచ్చే వాదన కూడా ఉంది. "గేరు తొక్కని వాళ్ళు డ్రైవర్లే కాదు, ఆటోమేటిక్ నేర్పడమే మానెయ్యండి" అనేది. ఇదీ మగపెత్తనం భాషే, మన నోట పలికినా సరే. ఎడమకాలు లేని మనిషికి, మోకాళ్ళు అరిగిన మనిషికి, ప్రమాదం తర్వాత స్టీరింగంటేనే భయపడి మళ్ళీ మొదలుపెట్టే మనిషికి ఆటోమేటిక్ ఒక హక్కు. శారీరక వైకల్యం ఉన్నవాళ్ళ కోసం వాహనాన్ని మార్చుకోవడాన్ని చట్టం కూడా గుర్తించింది. శరీరానికి తగ్గట్టు యంత్రం మారాలన్నది మంచి సూత్రం. "ఆడ శరీరం" అనే ఒకే ఒక్క శరీరం ఉందనుకుని అందరికీ ఒకే యంత్రం అంటగట్టడం దానికి పూర్తి విరుద్ధం.

మనం చెయ్యాల్సింది

మా కారుని మార్చలేదు. అది మా సహచరి చేతిలోనే, ఆటోమేటిక్‌గానే ఉంది. మార్చడానికయ్యే డబ్బుతో, చందాలు కొంచెం కలిపి, ఒక పాత గేరు కారు కొన్నాం. పక్క సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు పెడళ్ళు బిగించడానికి అనుమతి ఉన్న డ్రైవింగు స్కూలుతో ఒప్పందం చేసుకుని, బండిని వాళ్ళ కింద పెట్టాం. నలభై మంది లైసెన్సు పిల్లల్నీ మళ్ళీ పిలిచాం. పదిహేడు మంది వచ్చారు. మిగిలినవాళ్ళలో కొందరికి పెళ్ళిళ్ళయ్యాయి, కొందరు మా మీద నమ్మకం పోగొట్టుకున్నారు. తప్పు మాదే.

ఇలాంటి శిక్షణలు నడుపుతున్న సంస్థలన్నిటికీ మా మాటలివి.

ఏ బండి మీద నేర్పాలో నిర్ణయించే ముందు, నేర్చుకునే స్త్రీ ఊళ్ళో ఏ బళ్ళు తిరుగుతున్నాయో ఆమెనే అడగండి. ఉపాధి కోసం వచ్చినవాళ్ళకి గేరు బండి తప్పనిసరిగా నేర్పండి. ఆటోమేటిక్ కావాల్సినవాళ్ళకి అది పూర్తిగా, అన్ని స్థానాలతో సహా నేర్పండి. ఇది అసాధ్యమేమీ కాదు. జర్మనీలో 2021 నుంచి, గేరు కారు మీద కనీసం పది పాఠాలు నేర్చుకుని స్కూల్లో పరీక్ష ఇచ్చినవాళ్ళు, అసలు పరీక్ష ఆటోమేటిక్ మీద పాసైనా రెండూ నడపొచ్చు. పది పాఠాలు! మన ప్రాజెక్టుల్లో ముగింపు సభకి పెట్టే ఖర్చుతో ఆ పది పాఠాలు చెప్పొచ్చు.

బానెట్ ఎత్తి చూపించండి. క్లచ్ ఏం చేస్తుందో, టార్క్ కన్వర్టర్ ఏం చేస్తుందో మెకానిక్ మాకు ఒక్క గంటలో చెప్పాడు. యంత్రం లోపల ఏముందో తెలిసిన స్త్రీని షెడ్డులో మోసం చెయ్యడం కష్టం, టీ కొట్టు దగ్గర నవ్వడం కూడా కష్టం.

ఎక్కుడులో ఆపి కదిలించడం రాకుండా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వకండి. రవాణా శాఖ పరీక్ష తూతూమంత్రంగా జరిగితే, మన పిల్లలు పాసయ్యారు కదా అని ఊరుకోకండి, అడగండి. నిబంధన 15 ప్రకారం పూర్తి పరీక్ష మా హక్కు అని అడగండి.

ఫండింగ్ సంస్థలకి ఒక మాట. లైసెన్సులు లెక్కపెట్టకండి. ఏడాది తర్వాత స్టీరింగు ముందు ఎవరున్నారో లెక్కపెట్టండి. ఆ లెక్క తక్కువొస్తే మాకు డబ్బు ఆపేస్తామని బెదిరించకుండా, ఎందుకు తక్కువొచ్చిందో ఆ స్త్రీలతో కూర్చుని వినండి.

పాడేరు అమ్మాయి ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మొన్న ఆదివారం ఊరి చివర చెరువుగట్టు ఎక్కే చోట బండి ఆపమన్నాం. హ్యాండ్‌బ్రేకు వేసింది. క్లచ్ తొక్కి మొదటి గేరు వేసింది. కాలు మెల్లగా వదులుతూ, ఇంజను గొంతు మారేదాకా చెవి పెట్టి విని, ఎక్సలేటరు కొంచెం తొక్కి హ్యాండ్‌బ్రేకు దించింది. బండి వెనక్కి అంగుళం కూడా జారలేదు.

మేం చప్పట్లు కొట్టబోతే ఆపింది. "ఇప్పుడే వద్దక్కా. ఆ జీపు తాళం మళ్ళీ అడిగినాక కొట్టండి" అంది.